ధర దేనికి ముడిపెట్టాలి? చెత్త నుంచి బుడమేరు దాకా కొన్ని బెజవాడ లెక్కలు

కాలువలు కట్టేసిన ఎండాకాలంలో బందరు కాలువ వంతెన మీదో, రైవస్ కాలువ వంతెన మీదో నిలబడి అడుగుకేసి చూడండి. క్యారీ బ్యాగులు, చిప్స్ ప్యాకెట్లు, గుట్కా పొట్లాలు, థర్మోకోల్ ముక్కలు, చిరిగిన పరుపులు కనిపిస్తాయి. కనిపించనివి ఇంకా ఆసక్తికరం. ఇనప ముక్క కనిపించదు, అట్టపెట్టె కనిపించదు. పాత పేపర్లైతే అసలు ఇల్లు దాటి రోడ్డు మీదికే రావు. బీరు సీసా పడినా ఎక్కువసేపు ఉండదు, గోనెసంచీ భుజాన వేసుకున్న ఎవరో ఒకరు ఏరుకుపోతారు.

పారేసేవాళ్లు అన్నిటికీ ఒకే జనం. వాళ్ల పౌర స్పృహ చిప్స్ ప్యాకెట్ దగ్గర నిద్రపోయి, అట్టపెట్టె దగ్గర మేలుకోదు కదా. తేడా ఎక్కడుందంటే అట్టపెట్టెకు కిలోకి ఇంత అని పాత సామాన్ల కొట్టులో రేటుంది, చిప్స్ ప్యాకెట్‌కు లేదు. పర్యావరణం గురించి మనం చేసే చర్చల్లో సగం ‘జనానికి బుద్ధి లేదు’ దగ్గర ఆగిపోతాయి. సూక్ష్మ అర్థశాస్త్రం అక్కడి నుంచి మొదలవుతుంది. మనిషి బుద్ధిని అలాగే ఉంచి, అతని ముందున్న లెక్క మారిస్తే ఏమవుతుంది అని అడుగుతుంది.

ఈ లెక్కకు పునాది వేసినవాడు ఆర్థర్ పిగూ అనే ఇంగ్లీషు ఆర్థికవేత్త. నూరేళ్ల కిందటి మాట. నేను చేసే పనివల్ల నాకొచ్చే లాభమంతా నాది, దానివల్ల కలిగే నష్టంలో కొంత మీది అయితే, ఆ పని నేను అవసరానికి మించి చేస్తాను. మీ మీద పడుతున్న నష్టమంత పన్ను నామీద వేస్తే, నా లెక్క, ఊరి లెక్క ఒకటవుతాయి. పాఠ్యపుస్తకాలు దీన్ని బాహ్య ప్రభావం అంటాయి. వినడానికి సులువుగానే ఉంటుంది. చిక్కంతా పన్ను ‘ఎంత’ అన్నదాంట్లో ఉందనుకుంటాం. నా ఉద్దేశంలో ‘దేని మీద’ అన్నదాంట్లో ఉంది. మన దగ్గర విధానాలు ఎక్కువగా దెబ్బతిన్నది అక్కడే.

చెత్త పన్నునే తీసుకుందాం. 2021 అక్టోబరు 2న విజయవాడ బెంజ్ సర్కిల్లో చెత్త బళ్లకు జెండా ఊపి క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమం మొదలుపెట్టారు. దాంతోపాటు ఇంటింటికీ వినియోగ రుసుము వచ్చింది. నగరాల్లో ఇంటికి నెలకు 120 రూపాయల దాకా. జనం దానికి ‘చెత్త పన్ను’ అని పేరు పెట్టారు, ఆ పేరే దాన్ని సగం చంపింది. మూడేళ్లు తిరిగేసరికి, 2024లో, కొత్త ప్రభుత్వం రద్దు చేసింది. పెట్టినవాళ్లు ఊరి శుభ్రతకు డబ్బు కావాలన్నారు, తీసేసినవాళ్లు పేదల మీద భారమన్నారు. రెండూ నిజమే. ఆ 120 రూపాయలు ఏ పనికి ముడిపడ్డాయని మాత్రం ఎవరూ అడగలేదు.

ఏ పనికీ ముడిపడలేదు. రోజుకో బకెట్ చెత్త వేసే ఇల్లూ 120 కట్టాలి, తడీ పొడీ వేరు చేసి తొక్కలు మొక్కలకు వేసుకుని వారానికి ఓ సంచి ఇచ్చే ఇల్లూ 120 కట్టాలి. ఇంకో సంచి చెత్త వేస్తే అదనంగా పడే ఖర్చు సున్నా, ఓ సంచి తగ్గిస్తే మిగిలేదీ సున్నా. ఆర్థికవేత్తలు ఉపాంత వ్యయం అనేది ఈ ‘ఇంకొక్కటి’ ఖర్చునే. మనిషి ప్రవర్తన దాన్ని బట్టి మారుతుంది కానీ, నెలాఖరున ఎంత కట్టామన్నదాన్ని బట్టి కాదు. కాబట్టి ఆ రుసుము వల్ల కార్పొరేషన్‌కు ఆదాయం రావచ్చు, చెత్త తగ్గడానికి మాత్రం దారి లేదు. ఆదాయమే కావాలనుకుంటే ఆస్తి పన్నులో కలిపేస్తే సరిపోయేది. పెద్ద ఇంటికి ఎక్కువ, చిన్న ఇంటికి తక్కువ పడేది, గుమ్మం ముందు వాలంటీరుతో గొడవా ఉండేది కాదు.

మరి సంచి లెక్కన వసూలు చేస్తే? దక్షిణ కొరియా 1995 నుంచి దేశమంతటా అదే చేస్తోంది. మున్సిపాలిటీ ముద్ర ఉన్న సంచి కొనుక్కుని అందులోనే చెత్త వేయాలి. ఆశ పుట్టించే ఉదాహరణే. కానీ అమెరికాలో వర్జీనియా రాష్ట్రం షార్లట్స్‌విల్ అనే ఊళ్లో 1992లో సంచికి 80 సెంట్లు పెట్టినప్పుడు ఏమైందో కూడా చూడాలి. సంచుల సంఖ్య 37 శాతం తగ్గింది, చెత్త బరువు 14 శాతమే తగ్గింది. అంటే జనం చెత్తను తగ్గించిన దానికన్నా కాలితో తొక్కి కుక్కినదే ఎక్కువ. తగ్గినట్టు కనబడ్డ ఆ కొంచెంలోనూ కొంత ఊరి చివర చీకట్లో పడి ఉంటుందని అధ్యయనం చేసినవాళ్లే అన్నారు. ఊరి నడుమ మూడు కాలువలు పారే బెజవాడలో రాత్రి పదింటికి సంచి విసిరేస్తే అడిగేవాడెవడు? సంచికి ఐదు రూపాయలు పెట్టిన మర్నాడే కాలువలకు మనం రాయితీ ఇచ్చినట్టు లెక్క.

అందుకే ముడి ఇంకోచోట వేయాలి. తప్పించుకోలేని చోట వసూలు చేసి, మనం కోరే పని జరిగిన చోట తిరిగివ్వాలి. వెనకటికి సోడా కొట్లో సీసాకు కట్టించుకున్న డిపాజిట్ ఇదే. తమిళనాడులో నీలగిరి కొండల్లో మద్యం సీసాలు పగిలి ఏనుగుల కాళ్లలో గుచ్చుకుంటున్నాయని మద్రాసు హైకోర్టు జోక్యం చేసుకున్నాక, 2022లో అక్కడి ప్రభుత్వ మద్యం దుకాణాలు సీసాకు పది రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెస్తే వెనక్కివ్వడం మొదలుపెట్టాయి. తాగినవాడు తేకపోయినా ఏరుకునేవాడు తెస్తాడు. వాడికి అది పది రూపాయల నోటు. ఇక్కడ నిఘా పని పోలీసు చేయక్కర్లేదు, ధరే చేస్తుంది. చిప్స్ ప్యాకెట్‌కూ, పాల ప్యాకెట్‌కూ రూపాయో అర్ధరూపాయో ఇలా కట్టగలిగితే రైవస్ కాలువ అడుగున ఏముంటుందో ఊహించడం కష్టం కాదు. చిల్లర కొట్టువాడికి ఆ లెక్కలు తలనొప్పే, కాదనను. దానికీ కొంత కమీషన్ ఇవ్వాలి.

నిషేధం ఇంకో దారి. 2022 జులై 1 నుంచి దేశమంతటా కొన్నిరకాల ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు నిషిద్ధం. కాగితం మీద నిషేధమంటే అనంతమైన ధర. బీసెంట్ రోడ్డులో తోపుడుబండి దగ్గర దాని అసలు ధర జరిమానాను పట్టుబడే అవకాశంతో గుణిస్తే వచ్చేది. ఐదువందల జరిమానా, ఐదువందల రోజులకోసారి తనిఖీ అనుకుంటే, రోజుకు రూపాయి. ఆ రూపాయి కన్నా కవరు ఇచ్చి నిలుపుకునే బేరం ఎక్కువ కదా. ఐర్లండ్ 2002లో నిషేధించకుండా బిల్లులోనే సంచికి 15 సెంట్లు వేసింది. వాడకం తొంభై శాతానికి పైగా పడిపోయింది. వసూలు చేసేది అధికారి కాదు, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషి. మన దగ్గర సూపర్‌బజార్లలో ఇది నడుస్తుంది, రైతుబజారులో నడవదు. బిల్లే లేని చోట బిల్లులో ఎలా వేస్తాం?

కొలిచే సాధనముంటే కథ మారిపోతుంది. సూరత్‌లో 2019 నుంచి ఫ్యాక్టరీ పొగగొట్టాలకు నిరంతరం కొలిచే మీటర్లు బిగించి, మొత్తం దుమ్ముకు ఓ హద్దు గీసి, ఆ హద్దులోపల దుమ్ము వదలడానికి పర్మిట్లు కొనుక్కోనిచ్చారు, అమ్ముకోనిచ్చారు. కాలుష్యం 20 నుంచి 30 శాతం తగ్గింది, తగ్గించుకోవడానికయ్యే ఖర్చు కూడా తగ్గింది. తేలిగ్గా తగ్గించగలిగినవాడు ఎక్కువ తగ్గించి, మిగిలిన పర్మిట్లు అమ్ముకున్నాడు. తనిఖీ అధికారి చేసే పనిని మీటరు చేసింది, అదే కీలకం.

మనకు దగ్గర్లో ఇబ్రహీంపట్నం ఉంది. నార్ల తాతారావు థర్మల్ కేంద్రం. మన బొగ్గులో సుమారు మూడో వంతు బూడిదే. ఏళ్ల తరబడి ఆ బూడిద ఎవరికీ అక్కర్లేని సరుకు. నీళ్లలో కలిపి చెరువుల్లోకి పంపేవాళ్లు, ఎండాకాలం గాలేస్తే చుట్టుపక్కల ఊళ్ల మీద పడేది. తర్వాత బూడిద ఇటుకల యూనిట్లు వచ్చాయి, సిమెంటు కంపెనీలు వచ్చాయి. కేంద్రం 2021 చివర్లో ఇచ్చిన నోటిఫికేషన్‌తో, వాడకుండా వదిలేసిన బూడిదకు టన్నుకు వెయ్యి రూపాయల పర్యావరణ పరిహారం కట్టాల్సి వచ్చింది. ఇక్కడ ముడి సరైన చోట పడింది. టన్ను తగ్గితే వెయ్యి తగ్గుతుంది. వదిలించుకోవాల్సిన చెత్త ఇప్పుడు లారీలు బారులు తీరే సరుకైంది. అయితే అక్కడితో సమస్య తీరలేదు, రూపం మార్చుకుంది. టార్పాలిన్ సరిగ్గా కప్పని లారీల నుంచి రోడ్డు పొడవునా రాలే బూడిదకు టన్నుకు వెయ్యి లేదు. పన్ను చెరువు గట్టు దగ్గర ఆగిపోయింది, దుమ్ము ఆగలేదు.

ఇసుక దీనికి తిరగేసిన కథ. 2016లో ఉచితమన్నారు. 2019లో ప్రభుత్వ సంస్థ ద్వారా టన్ను 375 రూపాయలన్నారు. 2021లో ప్రైవేటు సంస్థకిచ్చి 475 అన్నారు. 2024 జులైలో మళ్లీ ఉచితం. ప్రభుత్వం మారితే ఇసుక రేటు మారుతుందన్నది కృష్ణ ఒడ్డున ఉన్న మేస్త్రీలందరికీ తెలుసు. ఉచితమన్నప్పుడు కూడా తవ్వకం, లోడింగు, రవాణా ఖర్చులు కొనేవాడివే. అవి న్యాయమైనవే అనుకుందాం. కానీ కావలసినవాళ్లు ఎక్కువ, సరుకు తక్కువ ఉన్నప్పుడు ధర సున్నా అని రాసినంత మాత్రాన కొరత పోదు. అది వేరే రూపంలో వసూలవుతుంది. ఇసుక తవ్వే రీచ్ దగ్గర క్యూలో ఆగిన లారీ రోజు కిరాయిగానో, ముందు లోడ్ చేయించినవాడికి ఇచ్చే చేతిఖర్చుగానో. ఖజానాకు రావాల్సిన డబ్బు దారిలో దిగిపోతుంది.

ఉచిత ఇసుక మీద నాకున్న అసలు అభ్యంతరం అది కాదు. క్వారీ రాయిని పిండిచేసి తీసే రోబో శాండ్ ఉంది కదా, నది ఇసుకకు ప్రత్యామ్నాయం. దాని ధరలో రాయి ఖర్చు, కరెంటు ఖర్చు, క్రషర్ వడ్డీ అన్నీ ఉంటాయి. నది ఇసుక ధరలో నదికయ్యే ఖర్చు లేదు. ఇసుక మేట తగ్గితే ఒడ్డున బావుల్లో నీళ్లు తగ్గుతాయి, గట్లు కోసుకుపోతాయి. అవి ఎవరి బిల్లులోనూ పడవు. ఒక పోటీదారుడికి రేసులో సగం దూరం మాఫీ చేసి, రెండోవాడు ఎందుకు గెలవట్లేదని అడిగినట్టుంది. పేదవాడి ఇంటికి ఇసుక ఇవ్వాలన్నది ఉద్దేశమైతే, ఇంటి ప్లాను చూసి ఆ డబ్బు అతని ఖాతాలో వేయొచ్చు. అతను నది ఇసుక కొంటాడో, రోబో శాండ్ కొంటాడో, బూడిద ఇటుకలతో గోడ కట్టి ప్లాస్టరింగే తగ్గించుకుంటాడో అతనిష్టం.

ఇచ్చే సాయం ఆపకుండానే ముడి మార్చవచ్చన్న మాట వ్యవసాయ కరెంటుకు ఇంకా బాగా వర్తిస్తుంది. 2004 మే నుంచి మన రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు. అది తీసేయమనడం రాజకీయంగా అయ్యేపని కాదు, బోరు మీద బతికే పల్నాడు మెట్టరైతు విషయంలో న్యాయమూ కాదు. కానీ కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక ఆటో స్టార్టర్ పెట్టుకుని పడుకునే రైతుకు, ఇంకో గంట మోటారు తిరిగితే పడే ఖర్చు సున్నా. పంజాబ్ 2018లో ఓ పథకం పెట్టింది. రైతుకు ఇన్ని యూనిట్లని కోటా, అందులో వాడకుండా మిగిల్చిన ప్రతి యూనిట్‌కు నాలుగు రూపాయలు ఖాతాలోకి. కోటా దాటితే జరిమానా లేదు. రైతు కట్టేది ఏమీ లేదు, అయినా గంటసేపు వృథాగా తిరిగిన మోటారుకు ఇప్పుడో ధర ఉంది. కావాల్సింది మీటరు. మన దగ్గర మోటార్లకు మీటర్లంటే బిల్లులొస్తాయన్న భయం. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే, నమ్మకం అన్న వస్తువు కొరత ముందు తీరాలి.

ఇంతవరకూ చెప్పినవాటిలో ధర పనికొస్తుంది. బుడమేరు దగ్గర పనికిరాదు. నా వాదనకు నేనే అడ్డం చెబుతున్నట్టుంటుంది కానీ, ఇది చెప్పకపోతే మిగతాదంతా సగం నిజమే.

మైలవరం వైపు కొండల నుంచి దిగి కొల్లేరులో కలిసే వాగు బుడమేరు. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ పెట్టి, వరదను మళ్లింపు కాలువ ద్వారా ఇబ్రహీంపట్నం వైపు తిప్పి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం. నదే నిండుగా ఉంటే కాలువ నీళ్లు ఎక్కడికి పోతాయి? మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి. సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. 2005లో కూడా ఇలాగే మునిగాయి.

వాగు పోరంబోకులో ఒకడు స్థలం మెరక చేశాడనుకోండి. స్థలం విలువ అంతా వాడిది. దానివల్ల వరదలో నీటి మట్టం అర అంగుళం పెరిగితే, ఆ అర అంగుళం వేలాది ఇళ్లకు పంచబడుతుంది. ఏ ఒక్క ఇంటికీ దానిమీద కోర్టుకెళ్లేంత నష్టం ఉండదు. రొనాల్డ్ కోస్ అనే ఆర్థికవేత్త 1960లో ఓ మాటన్నాడు: హక్కులు స్పష్టంగా ఉండి, బేరమాడుకోవడానికి ఖర్చేమీ లేకపోతే, పన్ను లేకుండానే ఇరుపక్షాలూ మంచి పరిష్కారానికి వస్తాయి. తర్వాతివాళ్లు ఆ మాటలో మొదటి సగం మరచిపోయారు. బుడమేరు పక్కన హక్కులు స్పష్టంగా లేవు. ఒకడికి పట్టా, ఒకడికి ప్రభుత్వ స్థలంలో ఇచ్చే బీ ఫారం, ఒకడికి నోటరీ కాగితం. బేరమాడాల్సినవాళ్లు లక్షల్లో. అక్కడ బేరం కుదరదు.

పన్నూ కుదరదు. మెరక చేసినందుకు గజానికి ఇంతని రుసుము పెట్టి, డబ్బు కట్టినవాళ్లందరినీ కట్టుకోనిస్తే (క్రమబద్ధీకరణ పథకాలు తరచూ చేసేది ఇదే), వాగు ఇరుకవుతూనే ఉంటుంది. మార్టిన్ వైట్జ్‌మన్ అనే ఆర్థికవేత్త 1974లో దీనికో సూత్రం ఇచ్చాడు. నష్టం నెమ్మదిగా పెరిగేదైతే ధర పెట్టండి, ఓ గీత దాటగానే ఒక్కసారిగా పెరిగేదైతే పరిమాణానికే హద్దు పెట్టండి. చెత్తలో ఇంకో సంచి అంటే ఇంకో సంచే. గట్టు దాటిన నీరు మాత్రం అలా కాదు, చివరి అడుగు ముంచినంత మొదటి పదడుగులూ ముంచవు. అక్కడ కావాల్సింది గీత, ఆ గీత దగ్గర రేటు కార్డు ఉండకూడదు.

ధర చేయగల చిన్న పని ఒకటుంది. 2005లో ఆ వీధిలో నీళ్లెంత ఎత్తున నిలిచాయో అమ్మేవాడికి తెలుసు, చిలకలూరిపేట నుంచి వచ్చి ఫ్లాట్ కొనేవాడికి తెలియదు. స్థలం కొనబోయేముందు ఈసీ (ఆ స్థలం మీది పాత లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ పత్రం) తీయిస్తాం. దాంట్లో అప్పులు కనిపిస్తాయి, తనఖాలు కనిపిస్తాయి, నీటి మట్టం కనిపించదు. 2024 నీటి గుర్తు గోడలమీద చెరిగిపోకముందే సర్వే నంబర్ల వారీగా రాసి ఈసీలో ఓ గడి చేరిస్తే పెద్ద ఖర్చు కాదు. రిజిస్ట్రేషన్ ఆదాయం ఆ ప్రాంతంలో పడిపోతుంది. బహుశా అందుకే ఆ గడి లేదు.

ఆ వరద తర్వాత ప్రభుత్వం మునిగిన ఇళ్లకు కింది అంతస్తుకు 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు ప్రకటించింది. ఎవరి సామాను ఎంత పోయిందో లెక్కలు కడుతూ కూర్చోకుండా, అబద్ధమాడటానికి వీల్లేని ఒక్క విషయానికి, అంటే అంతస్తుకు, సాయాన్ని ముడిపెట్టారు. ఆ తొందరలో అంతకన్నా తెలివైన ముడి ఉండదనుకుంటాను. ఇలాంటి సాయం మీద ఆర్థికవేత్తలు మామూలుగా ఓ అభ్యంతరం చెబుతారు, మునిగిన ప్రతిసారీ ఆదుకుంటే మునిగే చోట ఉండటం చౌకవుతుందని. సింగ్ నగర్ విషయంలో ఇది తలకిందుల వాదన. అక్కడ అద్దె తక్కువ కావడానికి కారణాల్లో నీళ్ల భయం ఒకటి. ఆ భయాన్ని మోసినందుకు దక్కిందే ఆ తక్కువ అద్దె, ఊళ్లో ఇంకెక్కడా దొరకనిది.

అదే వరదలో కృష్ణలంక నిలబడింది, కరకట్ట వైపు కట్టిన రిటైనింగ్ వాల్ వల్ల. గోడ ఒకరికోసం కట్టి పక్కవాడికి లేదనడం కుదరదు కాబట్టి ప్రైవేటువాడు కట్టడు, ప్రభుత్వమే కట్టాలి. గోడ లేచాక దాని వెనక గజం రేటు పెరుగుతుంది. రాష్ట్రమంతా కట్టిన పన్నులతో లేచిన గోడ లాభం స్థలమున్నవాడి ఖాతాలో పడుతుంది, అద్దెకున్నవాడికి అద్దె పెరిగి పడుతుంది. బుడమేరును వెడల్పు చేసినా ఇదే జరుగుతుంది. వరద భయం తగ్గిన స్థలాలన్నిటి విలువా పెరుగుతుంది. ఆ పెరిగినదాంట్లో ఓ భాగాన్ని రుసుముగా తీసుకుని, వెడల్పు కోసం లేపాల్సిన ఇళ్లవాళ్లకివ్వడం, నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో పన్ను వేయడానికి అన్నిటికన్నా న్యాయమైన చోటు.

లేపాల్సినవాళ్లకు ఎంతివ్వాలి? పట్టా లేదు కాబట్టి కాగితం లెక్కన సున్నా. ఉచితంగా ఓ ఇల్లిస్తాం కదా అంటారు అధికారులు. కాలువ గట్ల మీదివాళ్లను జక్కంపూడి కాలనీలకు పంపిన అనుభవం నగరానికి ఉంది. గట్టు మీది గుడిసెలో మనిషి కొనుక్కున్నది గోడలు కాదు, పనికి నడిచివెళ్లే దూరం. వన్‌టౌన్‌లో మూటలు మోసే భర్తకు, పటమటలో ఇళ్లలో పనిచేసే భార్యకు రానూపోనూ ఆటోలకు కలిపి రోజుకు ఎనభై రూపాయలవుతుందనుకుందాం. నెలకు పాతిక రోజుల పని. ఆ ఉచిత ఇంటికి అద్దె నెలకు రెండు వేలు.